దొరసాని వేలు చూపిన గుమ్మడి పిందెలు

నిన్న మదనపల్లెలో మా మునిమనవరాలి బడితోట చూడబోయాను. గుమ్మడి పాదు పచ్చివాసన తగలగానే నా చూపుడువేలు దానంతటదే ముడుచుకుపోయింది.

నా ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు. పిందెకు వేలు చూపితే కుళ్లి రాలుతుందనీ, చూపితే వెంటనే ఆ వేలు కొరుక్కోవాలనీ మనల్ని ఎంత భయపెట్టేవాళ్లో!

అవి యుద్ధం రోజులు. సంగటిలోకి కూర దొరక్క, మిషన్ బడి హాస్టల్లో పిల్లలమే తోట వేశాం. తొలి పిందెలు పడ్డ సాయంత్రం మా పెద్దటీచరు దొరసాని వచ్చింది. సంబరంగా ఒక్కోదానికీ వేలు చూపిస్తూ లెక్కపెట్టసాగింది. నా పక్కనున్న రూతమ్మ ఏడ్చేసింది.

"యాల ఏడుస్తాండావు?" అంది దొరసాని, మా మాటలోనే.

"వేలు కొరుక్కోండమ్మా! లేకుంటే అన్నీ కుళ్లిపోతాయి. మేమేం తినేది?"

"అవన్నీ ఉత్త మాటలు" అని నవ్వి వెళ్లిపోయింది.

మాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే తోటలోకి పరుగెత్తాం. మాకంటే ముందే దొరసాని అక్కడుంది. మంచుకు తడిసిన పాదుల మీదికి వంగి, పిందెల్ని ఒక్కొక్కటే దిగులుగా చూస్తోంది, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.