సిరిసిల్ల దాకా ఒక్క చుక్క పొయ్యకుండా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కలిసి కరెంటు ఆటోల కోసం కమిటీ వేసుకున్నప్పుడు దానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. చేసినట్టే అనుకోండి. నిజానికి కోరుట్లలో మూతపడిన మా రైసుమిల్లుకు త్రీఫేజ్ కనెక్షన్ మిగిలి ఉంది. చార్జింగ్ మిషను బిగించడానికి వాళ్లకు ఆ మిల్లు గోడ కావాలి. గోడతో పాటు నన్నూ తీసుకున్నారు. మీటింగుల్లో నా కుర్చీ నడుమ వేసేవారు, పక్కకు వేస్తే ఫ్యాను గాలి తగలడం లేదని సతాయిస్తాను గనక.

కమిటీలో ఆ బండ్లమ్మే షోరూం ఆసామి ఉన్నాడు, మూడూళ్ల ఆటో అడ్డాల పెద్దలున్నారు. ఊరికో చార్జింగ్ పాయింటు పెట్టాలి, పొగలేని ఆటోలు తిప్పాలి అని తీర్మానం చేశారు. చేసి, వచ్చిన డీజిల్ ఆటోల్లోనే తిరిగి పోయారు.

మొదటి కరెంటు ఆటో కొన్నది సిరిసిల్ల మనిషి. దుబాయిలో నడుము దెబ్బతిని వచ్చాడు. సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, పొద్దంతా నిలబడి బట్ట నేసే ఓపిక లేదు. కూర్చుని చేసే పని ఆటో ఒక్కటే. దుబాయి పోకముందు సిరిసిల్ల అడ్డా మీద అతనికి సీరియల్ ఉండేది, అంటే ప్యాసింజర్లను ఎక్కించుకునే వంతు. వంతు లేనివాడు ఊళ్లో ఎక్కడ బండి ఆపినా ఎక్కినవాళ్లను దింపేస్తారు. పోయినవాడి వంతు ఇంకొకడు పట్టుకున్నాడు. మళ్లీ ఇమ్మని అడిగితే అడ్డా పెద్ద మీసం దువ్వి షరతు పెట్టాడు.

“జగిత్యాలల మొదలువెట్టు. కోరుట్ల మీదికెళ్లి గీ అడ్డా దాక రా. నడుమ ఎవ్వడు తాడు కట్టద్దు, ఎవ్వడు నూకద్దు. అచ్చినవా, నీ సీరియల్ నీది. రాలేదా, బండిల కోళ్లను పెంచుకో.”

“నేనొక్కన్నే పోతనన్నా. కోరుట్లల మల్ల చార్జింగ్ వెట్టుకుంట. ఆరాంగ అస్త,” అన్నాడతను.

“ఒక్కనివి వోతె ఫొటోల ఏముంటదిరా? మేం గూడ ఎక్కుతం,” అన్నాడు షోరూం ఆసామి.

బండి బయలుదేరిన రోజు జగిత్యాలలో పదివేల మంది కూడారు. సరే, నలభై మంది. అందులో సగం బస్సు కోసం నిలబడ్డవాళ్లు. ఆటో నెత్తిన మైకు డబ్బా కట్టి, దాని వైరు ఆటో బ్యాటరీకే తగిలించారు.

“అన్నా, డబ్బాకు వేరే బ్యాటరీ వెట్టుండ్రి,” అని డ్రైవరు బతిమాలాడు.

“కరెంటు బండి కొన్నోడు కరెంటుకు ఏడుస్తుండు సూడుండ్రి!” అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేను కాస్త ఎక్కువసేపు నవ్వాను.

కోరుట్లలో మా మిల్లు గోడకున్న మిషనుకు ప్రారంభోత్సవం. మా దగ్గర ట్రాక్టరు కొన్నా, బోరు మోటరు దించినా పసుపు కుంకుమ పెట్టి దాని మీదే కొబ్బరికాయ కొడతారు. నేల మీద కొడితే పుణ్యం నేలకు పోతుందట. పెద్దమనిషినని కాయ నా చేతికిచ్చారు. ఒక్క దెబ్బకు రెండు సమానమైన చిప్పలయ్యాయి. కాదు లెండి, మూడో దెబ్బకు పగిలింది. నీళ్లన్నీ వైరు గుచ్చే సందులోకి పోయాయి. మిషను టిక్కుమంది. చార్జింగ్ మొదలైందనుకుని అందరం చప్పట్లు కొట్టి పులిహోరకు కూర్చున్నాం.

పులిహోర అయ్యేసరికి డ్రైవరు వచ్చాడు. “దొరా, ఎక్కుతలేదు.”

“ఏందిరా ఎక్కంది?” అన్నాను.

“చార్జింగ్. మిషన్ సచ్చిపోయింది. మామూలు ప్లగ్గుకు వెట్టి పొద్దూకే దాక ఆగుదం దొరా, నీ కాల్మొక్త.”

“సిరిసిల్లల దండలు తెచ్చి కూసున్నరు. గవి వాడిపోతె నువ్వు కొంటవా?” అని షోరూం ఆసామి ముందుగా ఎక్కి కూర్చున్నాడు. మిగతావాళ్లం అతని పక్కన ఇరుక్కున్నాం.

దారిలో ఎత్తు వచ్చినప్పుడల్లా డ్రైవరు వెనక్కి తిరిగి, జర దిగుండ్రని అడిగాడు. ఎవరూ దిగలేదు. నేను మాత్రం దిగాను. అంటే, ఒక కాలు కింద పెట్టాను. తారు రోడ్డు చెప్పులోంచి కాలింది, మళ్లీ లోపలికి తీసుకున్నాను. వేములవాడ దాటాక బండి బర్రె నడక పట్టింది. అతను మైకు ఆపాడు. వెనకనుంచి ఎవరో చెయ్యి చాపి మళ్లీ పెట్టారు.

సిరిసిల్లలో అడ్డా కనబడుతుండగా బండి ఆగిపోయింది. మైకు కూడా మూలిగి ఆగింది. డ్రైవరు దిగి, బయటినుంచే హ్యాండిల్ పట్టుకుని, దెబ్బతిన్న నడుము వంచి తొయ్యడం మొదలుపెట్టాడు. మేం లోపలే ఉన్నాం.

అడ్డా పెద్ద ఎదురొచ్చాడు. “ఎవ్వడు నూకద్దన్ననా లేదా?”

“నా బండి నేను నూక్కుంటున్ననే.”

“నువ్వు ఎవ్వనివి గావా మరి?”

అడ్డా అంతా గొల్లున నవ్వింది. ఆగిన ఆటోను వెనక ఆటోవాడు కాలు చాపి తన్నిపెట్టి తోసుకుంటూ పోవడం మా రోడ్ల మీద రోజూ చూసే సాయమే. ఆరోజూ ఒక డీజిల్ ఆటో అట్లాగే వెనకనుంచి వచ్చింది. ఆ ఆటోవాడు చెప్పు విప్పలేదు. వద్దు వద్దని డ్రైవరు అరుస్తుండగానే, ఈలల మధ్య, పొగలేని బండిని పొగబండి తన కాలితో అడ్డా నడుమకు నెట్టింది.

“అచ్చినవ్ తియ్యి. కోళ్లు మా ఇంట్ల ఉన్నయి, తోలియ్యాల్నా?” అన్నాడు పెద్ద. సీరియల్ సంగతి అంతటితో అయిపోయింది. దండలు మా మెడల్లో వేశారు. వాడిపోలేదు.

తరువాత కమిటీ ప్రచారానికి మాటలు రాసింది నేనే, రికార్డులో గొంతూ నాదే: “జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా, ఒక్క చుక్క పొయ్యకుండా, ఎక్కడా ఆగకుండా!” నా గొంతు తొమ్మిదూళ్లకు వినబడుతుంది. వీధి మలుపు దాటదని మా ఇంటావిడ అంటుంది. ఆ రికార్డు మోగే మైకు డబ్బాను మూడూళ్లూ తిప్పడానికి కమిటీ కిరాయికి మాట్లాడింది అతని ఆటోనే. ఇంకో కిరాయి లేదు గనక ఒప్పుకున్నాడు.

ఒకసారి మిల్లు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “దొరా, ఎక్కడ ఆగకుంట అన్న ముక్క ఒక్కటి తీసెయ్యుండ్రి. అడ్డా కాడ నవ్వుతుండ్రు.”

“గా ముక్క తీస్తె ఇనేటందుకు ఏముంటదిరా?” అన్నాను.

మామూలు ప్లగ్గులోంచి వైరు గుంజుకుని పోయాడు. చార్జింగ్ మిషను గోడకే ఉంది, కుంకుమ బొట్టు చెరిగిపోలేదు.

మొన్న సిరిసిల్ల పోతే కళ్లారా చూశాను. అతని ఆటో మైకు దూరాన వినబడగానే అడ్డా మీది డ్రైవర్లంతా తమ తమ ఆటోల్లోంచి ఒక్కో కాలు బయటికి చాపారు. నా గొంతు దాటిపోయేదాకా దించలేదు. ఆరోజు అతను మైకు ఆపాడని, దాని మీటను కమిటీ వెనక సీటు పక్కకు మార్పించింది. డ్రైవరు చేతికి అందదు. ఆ సీట్లో ఎవరూ కూర్చోరు.