ఉత్తరం గోడ

రాసుకో పాపా. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, నీ సొంతం కలపొద్దు. పీఠం మీద పెట్టిన దివ్యసత్ప్రసాదం, ఆ ఏసయ్య అప్పం ముందు మోకాళ్ళ మీద ఉండి విన్న సంగతి ఇది. అబద్ధమైతే ఈ నాలుక పడిపోనీ.

ఉరవకొండ దగ్గర మా పుట్టింటి ఊళ్ళో రాతి గుడి ఉంది కదా, పాత చర్చి. అది కరువులో కట్టింది. రాళ్ళు మోసినవాళ్ళకు అప్పటి ఫాదరు కూలికి బదులు జొన్నగంజి పోయించాడట. మా అవ్వకు అవ్వ చంకన బిడ్డను పెట్టుకునే మోసిందట.

పోయిన ఏడు ఆ గుడి ఉత్తరం గోడ బీటిచ్చింది. ఇంజినీరు వచ్చి, బీటకు అడ్డంగా ఒక గాజుముక్క సిమెంటుతో అతికించాడు. ఈస్టరు లోపల అది పగిలితే గోడ కదులుతున్నట్టే, గుడి కూల్చాల్సిందే అన్నాడు. నాకు అన్నం సయించలేదు.

ఈస్టరుకు ముందు పవిత్ర గురువారం రాత్రి ఆరాధనకు వంతులేసుకుని కూర్చుంటాం. మా వంతుకు నేనూ, మరియమ్మ వదినా. ఆమె జపమాల పట్టుకుందో లేదో, గురక మొదలు. నేను గాజునే చూస్తున్నా...

టక్.

ఆ రాత్రి నుంచి ఈస్టరు దాకా గంట మోగించం కదా, చెక్క కొట్టి పిలుస్తాం. వంతు మారింది, గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి చెక్క కొడుతున్నాడు అనుకుని లేవబోయా. చూస్తే... చెక్క నా మోకాలి పక్కనే ఉంది.

టక్... టక్...

రాయి మీద రాయి పెడుతున్న చప్పుడు పాపా. గోడ అవతల. మధ్యలో ఉత్తకాళ్ళ అడుగులు. ఒకరి వెనక ఒకరు... బరువుతో... ఊపిరి వదులుతూ. ఒక పసిబిడ్డ కొంచెం ఏడ్చి ఊరుకుంది. ఇక గాజు పగులుతుందని కళ్ళు మూసుకున్నా.

"వదినా... వింటాండావా?"

ఆమె కళ్ళు తెరవలేదు. "ఈ పొద్దులో గంజి ఎవురు కాస్తాండారే?" అనింది.

అప్పుడు నాకూ తగిలింది వాసన. వేడి జొన్నగంజి. భయం యాడికి పోయిందో. పీఠం వైపు కాదు, గోడ వైపు తిరిగి దండం పెట్టా. తప్పో ఒప్పో.

తెల్లారి ఉపదేశి వచ్చి గాజు తడిమి చూసి, "పగల్లేదు లేమ్మా" అన్నాడు. బయట దుమ్ములో ఒక్క అడుగు జాడ లేదు. మరియమ్మ వదినను రాత్రి గంజి మాట అడిగితే, "నేను నిద్రపోతేనే కదే కలవరించేది" అని నా మీదికే వచ్చింది.

ఆ గాజు ఇంకా అట్లే ఉంది. గుడీ ఉంది. మొన్న క్రిస్మస్ రాత్రి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూశా. వెచ్చగా ఉంది... మనిషి వీపులా. పగటి ఎండ అంటావు. పొద్దు దక్షిణానికి వాలే ఆ నెలలో ఉత్తరం గోడకు ఎండ ఎక్కడిది పాపా?