నేను అందించని అర్జీ

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా పేరు చెప్పను. చెబితే ఆ నోటా ఈ నోటా విని చంద్రపూర్‌లో మా గల్లీ వాళ్లు గుర్తుపడతారు. గుర్తుపట్టినా నమ్మరు. ఆ నమ్మకపోవడమే నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఇంతమందిలో ఒక్కరైనా నన్ను అనుమానించి ఉంటే, నిలదీసి ఉంటే, ఎప్పుడో బయటపడేవాణ్ణి కదా? చూశారా, ఇక్కడ కూడా తప్పును వాళ్ల మీదికే నెడుతున్నాను.

మాది తెలుగువాళ్ల గల్లీ. తాతల కాలంలో రాజురా వైపు ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లం. ఇంట్లో మాట తెలుగు, పిల్లల చదువు మరాఠీ, పెద్దవాళ్లలో చాలామందికి ఏ చదువూ లేదు. నేనప్పుడు ఒక సేఠ్ ఇనుప సామాన్ల దుకాణంలో గుమాస్తాను. అర్జీలు రాయడం వచ్చు. ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా అరుగు మీద కూర్చుని చదివి, తెలుగులో చెప్పేవాణ్ణి. నేను చెప్పిందే ఆ కాగితంలో ఉందని అందరికీ నమ్మకం.

ఊరికి నగర పరిషత్తు పోయి మహానగర పాలిక వస్తున్న ఏళ్లవి. ఊరికి కొత్త నక్షా గీశారు. ఏ నేల దేనికన్నది రంగుల్లో చూపిస్తారు. ఇళ్లకు పసుపు, దుకాణాలకు నీలం, గోదాములకూ లారీలకూ ఊదా. మా గల్లీ వెనక మైదానం అంతవరకూ పసుపే. కొత్త నక్షాలో దాన్ని ఊదా చేస్తారని, అభ్యంతరం ఉంటే గడువులోగా రాసి ఇవ్వాలని నోటీసు వచ్చింది.

ఊదా అయితే ఏమవుతుందో బొగ్గు గనుల ఘుగ్గుస్ దారి చూసినవాళ్లకు చెప్పాలా? బొగ్గు లారీలు వస్తాయి. అందరికంటే ముందు రాజవ్వ పెద్దమ్మ లేచింది. మాకు చుట్టం కాదు, కానీ గల్లీకంతా పెద్దమ్మే. భర్త లేడు. మైదానం అంచున ఉన్న తన వాకిట్లో ఎండాకాలమంతా నులక మంచాల మీద పాపడాలు, కుర్డాయి వడియాలు ఆరబెట్టి బజారు దుకాణాలకు వేసేది. అదే ఆమె బతుకుదెరువు. నన్ను కూర్చోబెట్టి అర్జీ రాయించింది ఆమే. ఇల్లిల్లూ తిరిగి సంతకాలూ వేలిముద్రలూ వేయించింది ఆమే. మొదటి వేలిముద్ర తనదే. పిండి చేతిని కొంగుకు తుడుచుకుని మరీ వేసింది.

అర్జీ బాగా రాశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా వైపు చేసిన మార్పు మొత్తాన్ని రద్దు చేయాలని, పాత నక్షానే ఉంచాలని రాశాను.

మర్నాడు అర్జీ ఇవ్వడానికి పాలిక ఆఫీసుకు వెళ్లాను. వసారా గోడకు నక్షా వేలాడుతోంది. మైదానం ఊదా. అది తెలిసిందే. కానీ రోడ్డును ఆనుకున్న నాలుగు ఇళ్లకు నీలం వేసి ఉంది. నోటీసులో ఆ మాట లేదు. ఆ నాలుగింటిలో మొదటిది నాది.

అక్కడే బల్ల మీద కూలబడ్డాను. అన్నేళ్లు సేఠ్ ముందు నిలబడి సామాన్లు తూచినవాణ్ణి. నా ఇంటి ముందు నా దుకాణం. చేతిలో ఉన్న అర్జీ నెగ్గితే ఊదాతో పాటు నీలం కూడా పోతుంది. పసుపు కోసం రాసిన చేయి నాదే, నీలం కోసం ఆగిన చేయీ నాదే. లోపల అర్జీలు తీసుకునే కిటికీ తెరిచే ఉంది. ఆఫీసు గుమాస్తా ఖాళీగానే ఉన్నాడు. నన్ను ఎవరూ ఆపలేదు, ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ రేపు రమ్మనలేదు. అర్జీని సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను. రేపు ఇద్దాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేదు. అలా అనుకుంటే నడవడం తేలికైంది, అంతే.

గల్లీ మొదట్లోనే రాజవ్వ ఎదురొచ్చింది.

"కాయితం ఇచ్చినవా బిడ్డా?"

"ఇచ్చిన పెద్దమ్మా."

"ఏమన్నరు ఆళ్లు?"

"చూస్తం అన్నరు."

"నువ్వు వోయినవంటే అయితది తీయి. గింత ఛాయ్ తాగి పో."

తాగాను. ఆ ఛాయ్ కూడా తాగాను.

అర్జీ ఇస్తే నకలు మీద ముద్ర కొట్టి ఇస్తారు. అది చూపించమని గల్లీలో ఒక్కరూ అడగలేదు. మాలో అది పద్ధతి కాదు. మనవాడనుకున్న మనిషిని రుజువు అడగడమంటే ముఖాన ఉమ్మినట్టే. ఎంత గొప్ప మర్యాద! ఆ మర్యాద చాటునే గడువు దాటింది. సంచిలోని కాగితాన్ని ఒక పొద్దున నీళ్ల పొయ్యిలో పెట్టాను.

నక్షా ఖాయమైంది. లారీలు వచ్చాయి. మొదటి ఎండాకాలానికే రాజవ్వ పాపడాలు బొగ్గు దుమ్ము పడి బూడిద రంగుకు తిరిగాయి. పాత చీరలు కప్పి ఆరబెట్టింది. ఎండ తగలక బూజు పట్టాయి. బజారు వాళ్లు తీసుకోం అన్నారు. అప్పటికి నా దుకాణం తెరుచుకుంది.

అందరం ఆఫీసు మీదికి వెళ్లాం. ముందు నడిచింది ఎవరనుకున్నారు? నేనే. గుమాస్తా పాపం దస్త్రాలన్నీ తిరగేసి, అలాంటి అర్జీ మాకు అందలేదన్నాడు. బల్ల గుద్ది, అబద్ధాలకోరువని అతన్ని నానా మాటలూ అన్నాను. వెనక మా వాళ్లు చప్పట్లు కొట్టారు. దొంగే దొంగా దొంగా అని అరిచాడంటారే, అది నేను. ఆ గదిలో నిజం చెప్పింది అతనొక్కడే. అతని కళ్లలో నీళ్లు తిరగడం చూశాను. చూసి ఇంకా గట్టిగా అరిచాను. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చింది? దొంగ కోపం అయితే గొంతు అంతలా ఎందుకు బొంగురుపోయింది? ఆ రోజు నుంచి గల్లీ వాళ్లకు నేను నాయకుణ్ణి.

మరుసటి ఏడు రాజవ్వ ఇల్లమ్ముకుని జివతి గుట్టల్లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. పోయేముందు నా దుకాణానికొచ్చింది.

"నువ్వు మస్తు కొట్లాడినవ్ బిడ్డా. ఆఫీసోళ్లే మన కాయితం మింగిన్రు. మింగినోని నోట్లె మన్ను వడ."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అవును పెద్దమ్మా అన్నాను. రెండేళ్లకు అక్కడే చనిపోయిందని కబురొచ్చింది. మట్టికి కూడా పోలేదు.

ఇప్పుడు క్షమించమని ఎవరిని అడగను? అడిగినా ఆమె ఏమంటుందో నాకు తెలుసు. నమ్మదు. నువ్వట్ల చేసేటోనివి కాదు బిడ్డా అంటుంది. అందుకే అడగడం కూడా నాకు దక్కకూడదు.

ఇంకొక్కటి చెప్పాలి. ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో మీకు అనుమానం రాలేదా? మా నాన్న గోడ మీద బొగ్గుతో దిద్దించిన అక్షరాలివి. మా ఇంట్లో, మా గల్లీలో ఇప్పుడు వీటిని చదవగలిగింది నేనొక్కణ్ణే. మరాఠీలో రాస్తే దుకాణంలో కూర్చున్న నా కొడుకు చదువుతాడు. అంత ధైర్యం లేదు. పిరికివాణ్ణి, ఇప్పటికీ. కానీ ఇన్నేళ్లు గుమాస్తాల మీద, పాలిక మీద, లారీల మీద అరిచిన కోపం ఇవాళ మొదటిసారి రావలసిన చోటికి వచ్చింది. నా మీదికి. దాన్ని ఇక్కడే ఉండనివ్వండి.