రివర్సులో తెగాల్సిన కరెంటు

గద్వాలలో నాకు బండ్ల వైరింగు దుకాణం ఉంది. ట్రాక్టరు లైట్లు, లారీ హారన్లు, ఏదైనా సరే, వైరు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. నోరు అసలే ఊరుకోదని మా ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. నిజంగా నోరు తెరవాల్సిన రోజున మాత్రం బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

కొల్లాపూర్‌లో మామిడితోటలున్న ఒక రైతు నాకు పాత గిరాకీ. వాళ్ల నాయన వాడిన పెట్రోలు జీపు ఇంకా ఆయన దగ్గరే ఉంది. కాస్త వేగం అందుకుంటే చాలు, ఇంజను అరుపుకు పక్కన కూర్చున్నవాడి మాట వినబడదు. అందుకని హైదరాబాదులో ఎవరి దగ్గరో ఓవర్‌డ్రైవ్ పెట్టె కొని, మెకానిక్‌తో గేర్‌బాక్సు వెనక బిగించుకున్నాడు. అది పడితే బండి అదే వేగంతో పోతుంది, ఇంజను మాత్రం నిమ్మళంగా తిరుగుతుంది. దాన్ని వేసేందుకు, తీసేందుకు స్టీరింగు పక్కన ఒక స్విచ్చు కావాలని నన్ను పిలిపించాడు.

ఆయన బిడ్డకు వనపర్తిలో సంబంధం కుదిరింది. వారంలో నిశ్చితార్థం. నాయన జీపులోనే అందరం పోదామని ఆయన అక్క కోరిక. ఆమె పెళ్లయిన కొత్తలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఆ పిల్లకు తలంటింది, జడలు వేసింది, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకుపోయింది ఆమే. ఆ రోజు నాకు చాయ్ ఇస్తూ, "జర జల్ది కానియ్యి భాయ్, మా పిల్ల నిశ్చితార్థం" అంది. ఆ మొహంలో వెలుగు చూడాల్సిందే.

పెట్టె అమ్మినవాడు ఫోన్లో నాతో మాట్లాడాడు. ఓవర్‌డ్రైవ్ పడి ఉండగా బండి వెనక్కి పోతే లోపలి సామాను పగిలిపోతుందట. రివర్స్ గేరు వేయగానే కరెంటు తెగిపోయేలా గేర్‌బాక్సు మీద ఇంకో చిన్న స్విచ్చు తప్పకుండా పెట్టమన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా ఈ వైర్లలోనే బతుకుతున్నవాణ్ని, నాకు వీడు పాఠం చెప్పొచ్చాడా! పైగా గేర్‌బాక్సు పైన ఆ స్విచ్చు పెట్టాల్సిన చోటు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రైతు ఇంట్లోంచి బండి పూజకు వేళవుతోందని ఒకటే పిలుపులు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అది మాత్రం వదిలేసి, ఓవర్‌డ్రైవ్ వేస్తే వెలిగేలా, ఎవరూ అడగని ఒక ఎర్ర లైటు సోకుకు పెట్టాను. స్విచ్చు వేసి లైటు వెలిగించి చూపిస్తే ఆ రైతు మురిసిపోయాడు. నేను అంతకంటే మురిసిపోయాను. ఆ మురిపెంలో స్విచ్చు ఆపలేదు.

కొత్త బండికైనా, కొత్త సామాను వేసిన పాత బండికైనా మా వైపు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాల్సిందే. ఆ ఇంట్లో ఇంకో పట్టింపు ఉంది. ముందుకు పోయి తొక్కిన చక్రాలు మళ్లీ వెనక్కి వచ్చి తొక్కాలి.

"నువ్వే నడుపు భాయ్. నీ చెయ్యి మంచిది" అన్నాడు రైతు.

షెడ్డులోంచి జీపును తీసి, ఇంటి చుట్టూ తిప్పి, వాకిట్లోకి తెచ్చాను. నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టాక టైర్ల మీద పోయడానికి నీళ్లు తెమ్మని రైతు భార్య ఆడబిడ్డకు కేకేసింది. ముందుకు తొక్కించి రివర్స్ వేసేసరికి ఆయన అక్క నీళ్ల చెంబుతో సరిగ్గా బండి ముందుకొచ్చి నిలబడింది. క్లచ్ వదిలాను. కింద ఏదో ఫట్‌మని పగిలింది. జీపు ఒక్కసారి ఎగిరి ఆగిపోయింది.

ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. నా చెయ్యి దానంతటదే పోయి స్విచ్చు ఆపేసింది. ఆ తర్వాతే కిందికి దిగాను.

"గామె ఎదురొచ్చినప్పుడే అనుకున్న" అంది రైతు భార్య. "శుభమా అని బండి తీస్తుంటే గట్ల ముంగట్కి వస్తరా? పిల్ల నిశ్చితార్థానికి గిట్లనే అయితే ఎట్ల?"

నీళ్లు తెమ్మంది నువ్వే కదమ్మా అని ఎవరూ అనలేదు. రైతు నా వైపు చూశాడు. "పాత సామాను గదన్నా, గిట్లనే ఉంటది" అన్నాను. నా నోటితోనే అన్నాను. ఇంటికొచ్చి కడుపునిండా అన్నం కూడా తిన్నాను, సిగ్గులేనివాణ్ని.

తర్వాత వారం, పగిలిన పెట్టె వైర్లు ఊడదీయడానికి మళ్లీ పోయాను. అక్క ఒక్కతే వసారాలో కూర్చుని మామిడికాయ ముక్కలు కొడుతోంది. ఇల్లంతా నిశ్శబ్దం.

"అందరేరి అక్కా?"

"వనపర్తికి పోయిండ్రు. ఇయ్యాల్నే గదా నిశ్చితార్థం" అంది తలెత్తకుండా. "నన్ను ఉండుమన్నరు."

అక్కడే కూలబడి అంతా చెప్పేశాను. ఫోన్లో విన్న సంగతి, నా పొగరు, వెలుగుతూ ఉండిపోయిన స్విచ్చు.

"తెల్సు" అంది. "ఆ చప్పుడు కాంగనే నువ్వు స్విచ్చు ఆపినవ్. నేను అద్దం ముంగటే ఉంటి."

"మరి అప్పుడే అనకపోతివి అక్కా!"

"నేనంటే ఎవరింటరు భాయ్? నువ్వు చెప్తే ఇంటుండిరి. చెప్తవేమోనని చెంబు పట్టుకొని గట్లనే నిలబడ్డ."

ఇక ఆగలేకపోయాను. ఆమె కూడా వినాలని స్పీకరు పెట్టి, ఆమె ముందే రైతుకు ఫోన్ చేశాను. అవతల ఆడవాళ్ల నవ్వులు, గిన్నెల చప్పుడు.

"అన్నా, తప్పు నాది. స్విచ్చు ఆపుడు మర్చిపోయిన. అక్కది ఏం లేదు. జర ఇంట్లవాళ్లకు చెప్పు."

ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"ఎందుకు భాయ్ గివన్ని ఇప్పుడు? అక్క చెప్పమన్నదా?"

కత్తి చప్పుడు ఆగింది. నేను స్పీకరు తీసేలోపే ఆమె లేచి లోపలికి పోయింది.