జానీమియా గారు పెట్టని సంతకం

ఫిబ్రవరి పది: జానీమియా గారు కొత్తకోటలో కూతురింట జబ్బుపడి ఉండగా, పాలమూరులోని ఆయన దుకాణానికి ఎవరో వేరే తాళం వేశారు. పనిముట్లన్నీ లోపలే ఉండిపోయాయి.

ఫిబ్రవరి పదహారు: ఆ వ్యాపార సముదాయపు నిర్వాహక సంఘాన్ని కారణం అడిగాను. "ఆయనే ఖాళీ చేస్తానని రాసిచ్చిండు" అని నోటిమాటగా చెప్పారు. కాగితం చూపలేదు.

మార్చి రెండు: ఆ కాగితం నకలు ఇమ్మని దరఖాస్తు ఇచ్చాను. తీసుకున్నారు. అందినట్టు రాసివ్వమంటే నవ్వారు.

మార్చి ఇరవై మూడు: నకలు ఇచ్చారు. "నా ఇష్టపూర్తిగా ఈ జాగా వదులుకొనుచున్నాను" అని అందులో ఉంది. అడుగున తెలుగు అక్షరాలలో జానీమియా అని సంతకం ఉంది.

ఆ సంతకం ఆయనది కాదు. ఆ సంగతి నాకెలా తెలుసో చెప్పాలంటే ఆయన ఎవరో ముందు చెప్పాలి. ఆయనను ఎన్నడూ చూడని వారికోసమే ఇది రాస్తున్నాను.

ఈ ఉదయం రాయడానికి కూర్చుని సిరాబుడ్డి మూత తీశాను. కడిగిన వార్డు ఆరిపోతున్నప్పుడు వచ్చే మందువాసన వంటిది గుప్పుమంది. నేను సర్కారు దవాఖానాలో ముప్పై ఆరేళ్ళు నర్సుగా పనిచేశాను. ఆ వాసనకు ఇన్నాళ్ళూ రోగులు గుర్తుకు రావలసింది. కాని పదేళ్ళుగా ఒక్క మనిషే గుర్తుకు వస్తున్నాడు. మెట్లకింద నాలుగడుగుల గదిలో, కంటికి భూతద్దం బిగించుకుని, పాళీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్న ముసలాయన.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను పదవీ విరమణ చేశాను. అప్పటికే కుడి బొటనవేలు మొద్దుబారింది. మందులిచ్చిన వేళలు, జ్వరం లెక్కలు, పుట్టిన బిడ్డల బరువులు ఇన్నేళ్ళూ బాల్‌పెన్నుతో మూడు కాపీలు పడేలా ఒత్తి ఒత్తి రాసిన ఫలితం అది. రాయడం మానేయమని డాక్టరు గారు చెప్పారు. చేసింది రాయాలి, రాయనిది చేయనట్టే అని మాకు మొదటిరోజే నేర్పారు. రాయకుండా బతకడం నాకు తెలియదు. వీడ్కోలునాడు తోటివారు ఇచ్చిన ఇంకుపెన్ను పెట్టెలోనే ఉంది. దానితోనైనా రాద్దామని, దవాఖానా నుంచి తెచ్చుకున్న స్టాంపుప్యాడు సిరాను సిరంజితో నింపాను. నా లెక్క ప్రకారం సిరా ఏదైనా సిరాయే. రెండో రోజుకు పెన్ను బిగుసుకుపోయింది.

బస్టాండు దగ్గరి వ్యాపార సముదాయంలో పెన్నులు బాగుచేసే ఆయన ఉన్నాడంటే తీసుకుపోయాను. జానీమియా గారు మూత విప్పి వాసన చూసి, పెన్నును బల్లమీద పడుకోబెట్టారు.

"సిస్టరమ్మా, గిదేం పోసిన్రు దీనికి?"

"సిరా."

"సిరా కాదు, జహర్. స్టాంపులకు పోసేది పెన్నుకు పోస్తరా? మీ దవాఖానల దగ్గుమందు అడిగినోనికి టింక్చర్ తాపుతరా ఏంది?"

నాకు కోపం వచ్చింది. హెడ్ నర్సుతో ఎవరూ అలా మాట్లాడలేదు. కాని ఆయన అప్పటికే పాళీని, దాని కింద సిరాను అందించే నాలుకను విడదీసి గోరువెచ్చని నీళ్ళలో వేశారు. నీళ్ళు ఊదారంగుకు మారుతూ ఉంటే, బిడ్డ కడుపులోంచి విషం కక్కించిన తల్లిలా ఊపిరి పీల్చుకున్నారు. "మూడు దినాలు నాననియ్యుండ్రి. చావలేదు" అన్నారు.

ఆ మూడు రోజులు నెలలయ్యాయి. ప్రతి మంగళవారం వెళ్ళేదాన్ని. ఆయన నేర్పినవన్నీ ఒక నోటుబుక్కులో తేదీలవారీగా రాసుకున్నాను. పెన్నును నిలబెట్టకూడదు, వాల్చాలి. గొట్టంలో సిరా బాగా తగ్గేదాకా ఆగితే చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి బొట్టు కారుతుంది, కాబట్టి సగానికి వచ్చేసరికే నింపుకోవాలి. వారానికి ఒకసారైనా వాడని పెన్నును కడిగి పెట్టాలి. కాగితం కొనేముందు మూలన ఒక చుక్క పెట్టి వెనక్కి తిప్పి చూడాలి. చుక్కకు వేళ్ళు మొలిస్తే ఆ కాగితం సిరాకు పనికిరాదు. మెరిసే కాగితం తెచ్చి గర్వంగా చూపితే, "పెండ్లి కార్డుకు మంచిగుంటది" అని పక్కన పెట్టారు. చిల్లరకొట్లో దొరికే పాత లెడ్జరు కాగితాన్ని మాత్రం చెంపకు ఆనించుకుని చూశారు.

అన్నిటికంటే కష్టం ఒత్తకపోవడం. "గిది సూది కాదు సిస్టరమ్మా, గుచ్చకుండ్రి. దాని బరువే దానికి చాలు. మీరు జర తోవ సూపుండ్రి, అది నడుస్తది." ఆరో వారానికి నా బొటనవేలి నొప్పి తగ్గింది. నా చేతిరాత మారింది. ముప్పై ఆరేళ్ళుగా నేను కాగితాన్ని శిక్షించినట్టు రాశానని అప్పుడు తెలిసింది.

ఆయన దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. బాగైన పెన్నుతో గిరాకీ మనిషి ఒక వాక్యం రాయాలి. ఆయన దాన్ని తలకిందులుగా తిప్పి, భూతద్దంలో చూసి, ధార సమంగా ఉందో లేదో తేల్చాలి. వకీళ్ళు, పంతుళ్ళు ఆయన తీర్పుకోసం నిలబడేవారు. ఒక మంగళవారం నా వంతు వచ్చినప్పుడు సరదాకు ఇలా రాశాను: "జానీమియా గారూ, మీ చాయలో ఈగ పడింది." నిజంగానే పడింది. ఆయన కాగితం తిప్పారు. చాలాసేపు చూశారు. "బహుత్ ఖూబ్. మీదికెల్లి గీత కిందికి పోయేటప్పుడు ధార మంచిగ నిండింది" అని, చాయ గ్లాసు ఎత్తి నోటి దగ్గరికి తెచ్చారు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన గ్లాసులోకి చూశారు, కాగితంలోకి చూశారు, నా ముఖంలోకి చూశారు. ఆ క్షణం నాకు కలిగిన దిగ్భ్రాంతిని ఇప్పటికీ సరిగా రాయలేను. ఆ ఊళ్ళో రాసేవారి పాళీలన్నీ సరిచేసిన మనిషికి ఒక్క అక్షరం రాదు. తెలుగు రాదు, ఉర్దూ రాదు. ఆయన చూసేది గీతను మాత్రమే.

"ఎవ్వరికి చెప్పకుండ్రి" అన్నారు మెల్లగా. "సదువు రానోడు పాళీ ముడితే ఖరాబైతదంటరు. యాభై ఏండ్ల సంది దాసుకున్న."

నేను నేర్పుతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అక్షరం కండ్లవడ్డదంటే ధార కండ్లవడది సిస్టరమ్మా. మీరు సదువుకున్నోళ్ళు. పాళీ ఏం చెప్తాందో మీకు ఇనరాదు." ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. నా నోటుబుక్కులో కూడా రాయలేదు. నా జీవితంలో తెలిసీ రాయకుండా వదిలిన సంగతి అదొక్కటే.

ఇప్పుడు మార్చి ఇరవై మూడుకు తిరిగి వస్తాను. ఆ సంతకం మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. అది దొంగసంతకమని రుజువు చేయడానికి నా దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే, చెప్పనని మాట ఇచ్చిన ఆ ఒక్క సంగతే. మరునాడే బస్సెక్కి కొత్తకోట వెళ్ళాను.

జానీమియా గారు మంచంలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. నకలు చేతికిచ్చి, అందులో ఏముందో చదివి వినిపించాను. ఆయన కోపగించుకోలేదు. ముందు భూతద్దం అడిగారు. కాగితాన్ని తలకిందులు చేసి సంతకం మీద ఆగారు.

"మూడు జాగల ఆగిండు. ఈడ వణికిండు. రాసినోడు భయపడుకుంట రాసిండు." తల ఎత్తి, "నా పేరు గిట్లుంటదా?" అని అడిగారు.

జీవితంలో మొదటిసారి ఆయన తన పేరు సంతకంగా చూసింది ఆ దొంగకాగితం మీద.

కూతురు షమీమ్ చాయ పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయింది. "అబ్బా! మరి నా ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు?"

"మీ అమ్మ పెట్టేది. నాకన్నా ఆమె చెయ్యి మంచిది" అన్నారాయన. ఆ పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియక చాయ కింద పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను. "మీకు రాయరాదని చెప్తే తప్ప ఇది అబద్ధమని తేలదు. మీరు వద్దంటే ఇక్కడే చించేస్తాను."

ఆయన భూతద్దం తుడిచి పక్కన పెట్టారు. బయట హైవే మీద లారీలు పోతున్నాయి.

"నాకు రాదని ఊరంత తెలిస్తే సిగ్గే. గని నా జాగ నేనే ఇష్టపడి ఇడిసిన అని కాయిదంల ఉండుడు ఇంకింత సిగ్గు. రాయుండ్రి సిస్టరమ్మా. ఒత్తకుండ రాయుండ్రి."

ఆయన ఎండాకాలం గడవకముందే పోయారు. దుకాణం తాళం ఇంకా తీయలేదు. ఆ నకలు తర్వాత నేను రాసిన ఏ దరఖాస్తుకూ జవాబు రాలేదు. కోపం వచ్చినప్పుడల్లా నా చెయ్యి మునుపటిలాగే కాగితాన్ని గుచ్చబోతుంది. అప్పుడు ఆగుతాను. పెన్ను వాల్చి, దాని బరువును దానికే వదిలి, మళ్ళీ మొదలుపెడతాను. ఈ పేజీలన్నీ అలాగే రాశాను. తిప్పి చూసుకున్నాను, సిరా ఎక్కడా వెనక్కి దిగలేదు.

ఆ వ్యాపార సముదాయపు నిర్వాహక సంఘం వారికి:

అక్షరం రాని మనిషి పేరిట మీ దస్త్రంలో సంతకం ఉంది. అది ఎవరు పెట్టారు, ఎవరి ఎదుట పెట్టారు, సాక్షులెవరు? "ఇష్టపూర్తిగా" అన్న మాటను ఆ కాగితంలోంచి ఎప్పుడు కొట్టివేస్తారు? ఆయన పనిముట్లను షమీమ్‌కు ఏ తేదీన అప్పగిస్తారు? నోటిమాట నాకు అక్కర్లేదు. జానీమియా గారికి రాయడం రాదు, మీకు వచ్చు. కనుక పదిహేను రోజులలోగా, మీ అసలు పేర్లతో, మీ అసలు సంతకాలతో, జవాబు రాతపూర్వకంగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

సుగుణమ్మ
విశ్రాంత హెడ్ నర్సు