టాపు లేని కారూ, మా అక్కా

మొన్నటి వానకి మా అబ్బాయి కొత్తగా కొన్న కారులో నీళ్ళు కారాయి. నడినెత్తిన సన్‌రూఫ్ ఉందని కొన్నప్పుడు వీధి వీధంతా పిలిచి చూపించిన కారు అది. గోవాడ నుంచి ఇంటికొచ్చే లోపల, బయట కురిసినట్టే లోపలా కురిసి, మా కోడలి భుజం తడిసి ముద్దయిందంటే, ఇక వాడి ముఖం చూడాలి. షోరూముకి ఫోను చేస్తే బండి తెచ్చి పెట్టండి, కంప్యూటరు తగిలించి చూస్తాం అన్నారట. నేను వరండాలో కుర్చీలో కూర్చుని అంతా వింటూనే ఉన్నాను. ఈమధ్యనే మా తమ్ముడి మనవరాలి పెళ్ళికి ఇదే కారు సన్‌రూఫ్‌లోంచి పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ నడుం దాకా పైకి లేచి నిలబడితే, చుట్టాలంతా గుప్పిళ్ళతో అక్షింతలు చల్లడం నేను చూశాను. వాళ్ళ మీద పడినవి కొన్ని, కప్పు సందుల్లోకి జారినవి కొన్ని. నీళ్ళు ఎందుకు కారాయో చెప్పెయ్యాలని నోరు తెరిచాను గానీ, ఆ మాట నాలిక మీదికి వచ్చేసరికి మా అక్క గుర్తుకొచ్చి ఊరుకుండిపోయాను.

నేను చోడవరంలో మాడుగుల రోడ్డు మీద చాలా ఏళ్ళు బళ్ళ కరెంటు పని చేశాను. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, హారన్లు, అదీ నా లోకం. చెరుకు ఆడే కాలం వచ్చిందంటే ఫ్యాక్టరీకి వెళ్ళే లారీలూ ట్రాక్టర్లూ నా షెడ్డు ముందు వరసకట్టేవి, అన్నిటికీ ఒకటే జబ్బు, లైట్లు వెలగవు. అలాంటి మోటు బళ్ళ మధ్యకి ఒకరోజు మా బావ ఒక ఎర్రకారు తెచ్చి నిలబెట్టాడు. రెండే తలుపులు, నేలకి ఆనుకుపోయినట్టున్న ఒళ్ళు, పొడుగాటి ముక్కు. మీట నొక్కితే గుడ్డ కప్పు దానంతటదే లేచి మడతలు పడుతూ వెళ్ళి వెనకసీటు వెనకాల ఉన్న గాడిలో పడుకునేది. వైజాగులో ఓడల్లో పనిచేసి దిగిపోయిన ఒక పెద్దాయన ఎక్కడో విదేశంలో మోజుపడి తెచ్చుకున్న రేసుకారట, ముసలితనంలో నడపలేక మా బావకి ఇచ్చేశాడు. ఊళ్ళో అందరూ దాన్ని టాపు లేని కారు అనేవారు. టాపు ఉంది మొర్రో, అది దింపినప్పుడే మీరు కారుని చూస్తున్నారు అని నేనెంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

మా బావది టెంటు హౌసు. షామియానాలు, కుర్చీలు, మైకు సెట్లు, వంట గిన్నెలు పెళ్ళిళ్ళకి అద్దెకి ఇచ్చేవాడు, కారు కూడా అందుకే కొన్నాడు. కె.కోటపాడు నుంచి మాడుగుల దాకా కాస్త సరదాగల వాళ్ళ పెళ్ళంటే ఊరేగింపుకి ఈ కారు ఉండాల్సిందే. అలంకరణ చేసేవాళ్ళు సీరియలు బల్బుల కోసం కారు తీగలు ఎక్కడపడితే అక్కడ కోసి ముడేసేవారు, ఫ్యూజు కాలిపోతే సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టేసేవారు. ముహూర్తాలయ్యాక ప్రతిసారీ నేను వాళ్ళని తిట్టుకుంటూ ఆ ముళ్ళన్నీ విప్పేవాణ్ణి.

టెంటు హౌసు వాళ్ళకి ఒక పట్టింపు ఉండేది, ఇప్పుడు ఉందో లేదో నాకు తెలీదు. అద్దెకిచ్చే సామాను ఇంట్లోవాళ్ళు వాడకూడదు, వాడితే కలిసిరాదట. గోడౌను నిండా కుర్చీలున్నా మా అక్క ఇంట్లో సరిగ్గా కూర్చోడానికి కుర్చీ ఉండేది కాదు, చుట్టాలొస్తే చాపే గతి. ఈ పట్టింపు కారుకి కూడా వర్తించింది. మా అక్క పెళ్ళి వానల్లో జరిగింది. ఊరేగింపు మాట అటుంచి కనీసం రిక్షా కూడా దొరక్క, కొత్త పెళ్ళికూతురు చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచి అత్తారింటికి వెళ్ళింది. అందుకని కారు వచ్చిన కొత్తలో, ఒక్కసారి తనని కూచోబెట్టి ఊరు తిప్పమని బావని ఆశగా అడిగింది. ఈ ముహూర్తాలు అవనీ అన్నాడు బావ. ముహూర్తాలు అవుతూనే ఉండేవి. కొన్నాళ్ళకి అడగడం మానేసింది గానీ, కారు పెళ్ళికి బయల్దేరిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి కనుచూపు మేర దాకా చూస్తూ ఉండేది.

తర్వాత అక్కకి ఆయాసం మొదలైంది. గుండెలో కవాటం చెడింది, ఆపరేషను తప్పదన్నారు వైజాగు డాక్టర్లు. ఆ రోజుల్లో గుండె ఆపరేషనంటే తిరిగొచ్చేవాళ్ళ గురించి కంటే రానివాళ్ళ గురించే ఎక్కువగా చెప్పుకునేవారు. నా ఈడు వాళ్ళకి ఆ భయం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. బావ టాక్సీ మాట్లాడి వచ్చాడు. అక్క ససేమిరా అంది.

"మూటలాగ టాక్సీలో పడుకోబెట్టి తీసుకెల్తే ఊరందరూ అయిపోయిందనుకుంతారు. నానెల్తే మన కార్లోనే ఎల్తాను, టాపు దించాలి. మళ్ళీ వస్తానో రానో, ఎల్లేటప్పుడైనా నన్ను నలుగురూ సూడనీ."

కలిసిరాదన్న పట్టింపు ఏమైపోయిందో, బావ గబగబా వెళ్ళి కారు మీది టార్పాలిన్ లాగేసి మీట నొక్కాడు. కప్పు గుర్రుమంటూ కాస్త లేచి, అటు తెరుచుకోకుండా, ఇటు మూసుకోకుండా, గాలికి తిరగబడ్డ గొడుగులా నిలిచిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరాలి. బావ నా షెడ్డుకి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఉన్నాడు, ఎప్పుడూ అలా చూడలేదు నేను.

వెంటనే ఆయనతో వాళ్ళింటికి వెళ్ళాను. నా పరికరాలు ఏపాటివి, ఒక బల్బుకి రెండు తీగలు కట్టుకున్న టెస్టుల్యాంపూ, ఒక స్క్రూడ్రైవరూ. ముందు ఫ్యూజు దగ్గర వెండికాగితం పీకి పారేశాను. మీట దాకా కరెంటు ఉంది. అక్కణ్ణుంచి మోటారు దాకా కూడా తిన్నగానే వస్తోంది. అయినా మోటారు మూలుగుతుంది గాని తిరగదు. చివరికి బల్బు తీగ ఒక కొస బ్యాటరీకి పట్టుకుని, రెండో కొస మోటారు ఒంటికి తాకిస్తే, బల్బు మిణుక్కుమని ఊరుకుంది. అప్పుడు అర్థమైంది జబ్బు ఎక్కడుందో. అక్క ముక్కాలిపీట వేసుకుని పక్కనే కూర్చుంది, లోపలికెళ్ళి పడుకోమంటే వినదు, ఏటయిందిరా అని అడుగుతూ ఉంది. కరెంటు వెళ్ళడానికి తీగ ఒక్కటుంటే సరిపోదనీ, మళ్ళీ బ్యాటరీకి తిరిగొచ్చే దారి కూడా ఉండాలనీ, ఈ కారులో ఆ దారి ఎక్కడో తుప్పు పట్టిందనీ చెప్పాను.

"అయితే అదే సూడరా ముందు, తిరిగొచ్చే దారి" అంది.

నేను తల దించుకుని వెనకసీటు ఊడదీసే పనిలో పడ్డాను.

సీటు ఎత్తగానే గుప్పుమని కంపు కొట్టింది. కప్పు పడుకునే గాడి నిండా మురుగునీళ్ళు, ఆ నీళ్ళలో పసుపుపచ్చగా నానిపోయిన అక్షింతలు, కుళ్ళిన బంతిరేకులు, చమ్కీ కాగితాలు, ఎవరి కాలినుంచి జారిందో ఒక మట్టె. వాననీళ్ళు బయటికి పోవడానికి ఆ గాడికి రెండు వైపులా సన్నటి రబ్బరు గొట్టాలుంటాయి. ఇన్నేళ్ళ పెళ్ళిళ్ళ బియ్యం ఆ గొట్టాల్లోకి దిగి, ఉబ్బి, బిరడాలు బిగించినట్టు బిగుసుకుపోయింది. ఆ కారు చేసిన దొరలు ఎండని, వానని, మంచుని అన్నిటినీ ఊహించి ఉంటారు గాని, మనుషులు సరదాగా బియ్యం పోస్తారని ఎందుకు ఊహిస్తారు! నిలవనీటికి, కరెంటు తిరిగొచ్చే దారైన మోటారు ఎర్తు బోల్టు తుప్పుముద్దయి కూర్చుంది. బావకి కోపం ముంచుకొచ్చి, ఇకమీదట ఈ కార్లో ఒక్క గింజ పడితే చెయ్యి విరగ్గొడతానని ఒట్టు పెట్టుకున్నాడు. అక్క మాత్రం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ గాడి వంకే చూస్తూ, ఊరందరి అక్షింతలూ ఇక్కడే ఉన్నాయి కదరా అంది.

సైకిలు చువ్వతో గొట్టాలు పొడిచి, కారు కిందికి నీళ్ళు ధారగా పడేదాకా కడిగాను. బోల్టు గరుకుకాగితంతో రుద్ది బిగించాను. మీట నొక్కితే మోటారు ఖంగుమని తిరిగింది గాని, కప్పు మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. వేలు పెట్టి తడిమితే కప్పు చట్రం మడతబందులో ఏదో చుట్టుకుని ఉంది. కత్తెరతో కోసి లాగితే, ఏ పెళ్ళికొడుకుదో బాసికం దారం. అది కూడా వచ్చేశాక కప్పు లేచి, మడతలు పడి, బుద్ధిగా వెళ్ళి పడుకుంది. అక్క లేచి వచ్చి తన కొంగుతో వెనకసీటు తుడిచింది.

పొద్దున్నే పట్టుచీర కట్టుకుని తల్లో కనకాంబరాలు పెట్టుకుని అక్క వెనకసీట్లో ఎడమపక్కన కూర్చుంది. బావ నడుపుతుంటే నేను ముందు కూర్చున్నాను. బాజాల్లేని ఊరేగింపు చూసి జనానికి ముందు ఏమీ తోచలేదు. టిఫిను కొట్టు దగ్గర వాళ్ళు చేతుల్లో ప్లేట్లతో అలాగే నిలబడిపోయారు. మెయిన్ రోడ్డు మలుపులో మా పిన్ని, మా అమ్మ చెల్లెలు, పళ్ళెంతో ఎదురొచ్చింది. అందులో అక్షింతలు. తను వేసి, చుట్టూ చేరిన ఆడవాళ్ళ చేతుల్లో తలా కొన్ని పోసింది. వాళ్ళలో ఈ కారులో ఊరేగి అత్తారింటికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. నాకు నిన్నటి ఒట్టు గుర్తొచ్చి భయంభయంగా బావ వైపు చూశాను. ఆయన ఇంజను కట్టేసి వెనక్కి తిరిగాడు.

"మీద పడేటట్టు ఎయ్యండమ్మా, సీటెనక్కి పోతన్నాయి" అన్నాడు.

అక్క జడలో, ఒళ్ళో, భుజాల మీద అంతా పసుపు గింజలే. చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ముందుకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

అక్క తిరిగొచ్చింది. నిక్షేపంలా ఆపరేషనయి తిరిగొచ్చి, చాలా ఏళ్ళు మా అందరికీ వండిపెట్టి, మమ్మల్నందరినీ తిట్టిపోసి, సుఖంగా బతికింది. బావ ఆ తర్వాత కారుని ఏ పెళ్ళికీ ఇవ్వలేదు, అడిగినవాళ్ళకి మోటారు బాగాలేదని అబద్ధం చెప్పేవాడు. అక్క చనిపోయిన ఏడాది వానాకాలం వెళ్ళాక ఆ అబద్ధం నిజమైంది. కప్పు మళ్ళీ సగంలో ఆగిపోయింది. నేను చువ్వ పట్టుకుని వెళ్ళి సీటు ఎత్తబోతే, బావ ఎడమపక్కన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అటుపక్కది తియ్యకురా. అయి మీ అక్క మీద ఏసినవి."

నీళ్ళు నిలిస్తే మోటారు పోతుందని చెప్పాను. పోనీ అన్నాడు. మోటారు నిజంగానే పోయింది, కొత్తది వెయ్యమని ఆయన అడగలేదు, వేస్తానని నేనూ అనలేదు. బావ పోయాక వైజాగు నుంచి పాత కార్ల సరదా ఉన్నవాళ్ళెవరో వచ్చి కొనుక్కుని లారీ మీద పట్టుకెళ్ళారు. గాడీ గొట్టాలూ శుభ్రంగా కడిగేసే ఉంటారు.

చివరికి మా అబ్బాయిని పిలిచి, సన్‌రూఫ్ తెరవమని, దాని మూల ఉన్న చిన్న కన్నంలో సన్నటి నైలాను తీగ పెట్టి మెల్లగా ఆడించాను. కాసేపటికి నీళ్ళతో పాటు నాలుగు గింజలు వచ్చి నా అరచేతిలో పడ్డాయి. పసుపు ఇంకా పోలేదు. ఇప్పటి కార్ల కప్పు చప్పుడైనా లేకుండా తెరుచుకుంటుంది, లోపలివాళ్ళు ఆకాశం చూసుకోవడానికి. ఆ కారు కప్పు గుర్రుగుర్రుమంటూ తెరుచుకునేది, లోపలివాళ్ళని ఊరు చూసుకోవడానికి. ఊరికి ఇప్పుడు అంత తీరిక ఎక్కడుంది, మనకి మాత్రం ఎక్కడుంది. ఆ గింజలు కాగితంలో పొట్లం కట్టి మా తమ్ముడి మనవరాలికి ఇమ్మని మా అబ్బాయి చేతిలో పెట్టాను. వాడు నవ్వాడు. మా బావ ఉంటే నవ్వేవాడు కాదు.