కల్లంలో చదివిన రేపటి పేపరు

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అందుకే అచ్చులో ఏది కనబడినా గట్టిగా చదవడం నాకో జబ్బు. ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరే మా ముఠాలో పన్నెండు మంది ఆడవాళ్ళం. చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ ఉదయం డిజైన్ కాలేజీ నుంచి ఒక అమ్మాయి కల్లానికి వచ్చింది. నా చేతిలో ఒక పేపరు పెట్టి, "చదివి చూడండమ్మా, మధ్యాహ్నం వచ్చి మాట్లాడతాను" అని పక్క పొలానికి వెళ్ళిపోయింది.

చదివాను. తాలు ఏరే యంత్రం వచ్చిందట. రంగు చూసి, వాసన పట్టి, గంటలో కల్లం ఖాళీ చేస్తుందట. ఇక మనుషులతో పనిలేదని రైతులు సంబరపడుతున్నారట. పైన తేదీ ఉంది. అంకెలు నాకు కూడబలుక్కుంటేగాని రావు. అందరూ "ఊఁ, తర్వాత?" అంటుంటే వాటిని దాటేశాను.

"యంత్రానికి ఘాటుకి దగ్గొస్తుందా వదినా?" అని ఎవరో అంటే నవ్వుకున్నాం. నా జంట మాత్రం నవ్వలేదు. కుప్పకి అటొకరు ఇటొకరు జంటగా కూర్చుని ఏరతాం మేము. తొమ్మిదేళ్ళుగా నా ఎదురు కూర్చునేది ఆమే. నా కన్ను తప్పిన తాలు ఆమె చేతికి దొరికేది.

లేచి అవతలికి పోయి ఫోన్ చేసింది. పర్చూరు పొగాకు పనికి మనుషుల్ని తీసుకెళ్ళే మేస్త్రికి మాట ఇచ్చేసి ఇంటికి వెళ్ళిపోయింది. మా దగ్గర మేస్త్రికిచ్చిన మాట తప్పితే మళ్ళీ ఏ ముఠాలోనూ చోటుండదు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి అట్టపెట్టె ఒకటి తెచ్చి మా ముందు పెట్టింది. లోపల ఏమీ లేదు.

"ఇది నిజం యంత్రం కాదమ్మా. పదిహేనేళ్ళ తర్వాత ఇలాంటిది వస్తే ఎలా ఉంటుందోనని ఊహించి చేశాం. పేపరూ అంతే, తేదీ చూశారుగా? ముందే చూపిస్తే, అది రావాలో వద్దో, వస్తే ఎలా రావాలో మీరూ చెప్తారని."

ఒళ్ళు మండిపోయింది. "అచ్చేసి చేతిలో పెడితే నిజమనుకోమా? ఆ మాట పొద్దున చెబితే నోరు పడిపోయేదా?" అని అరిచాను. ఆ పిల్ల తెల్లబోయింది. తప్పు సగం నాది. అది మాత్రం చెప్పలేదు.

నా జంట ఇంటికి వెళ్ళాను. బట్టలు సంచిలో సర్దుకుంటోంది.

"తేదీ చదవలేదే నేను. ఉత్తిదే ఆ పేపరు."

"మాట ఇచ్చేశాను గదక్కా."

"ఉత్తిదంటే వినవేం?"

"పన్నెండు మందిమి ఉన్నాం. అబద్ధమని ఒక్కతన్నా అందా?"

"అనలేదు."

"మరి? పదిహేనేళ్ళకి నీకూ నాకూ చేతులాడవు. నా కోడలికి ఆడతాయి. దాన్నీ తీసుకెళ్తున్నా, పొగాకు పని నేర్చుకుంటుంది."

"పొగాక్కి మాత్రం యంత్రం రాదా?"

"వస్తుందేమో. అది నాకింకా ఎవరూ చదివి వినిపించలేదు."

ఇంటికి వచ్చేశాను. మర్నాడు పర్చూరు ఆటోలో ఆమె, కోడలు, వాళ్ళ వెనకాలే మా ముఠాలోంచి ఇంకో ఇద్దరు ఎక్కారు. పేపరు ఉత్తిదేనని అప్పటికి అందరికీ తెలుసు.